రాజీనామాకు కారణం

ఉక్కు కర్మాగారం టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో, బోర్డు మీద కోక్ ఓవెన్స్ లైను చిన్న రేకు షట్టరు టక్కున పడింది. సత్యలక్ష్మి తీగ అందుకుని ప్లగ్గు గుచ్చి, "నంబర్ ప్లీజ్" అంది.

"ఫైర్ స్టేషన్! జల్దీ!" అన్నాడు అవతలి మనిషి. అతని వెనక ఎవరో అరుస్తున్నారు.

ఆమె రెండో తీగ పైకి లాగింది. చెయ్యి బోర్డు మీదకి వెళ్లి అక్కడే ఆగిపోయింది. ఎర్ర లారీ కళ్లకి కట్టింది. లారీ పక్కన వేలాడే గంట, ఆ గంట మీది ఇత్తడి మెరుపు కూడా కనిపించాయి. అది ఏ కన్నంలో ఉంటుందో మాత్రం తెలియలేదు. బోర్డు మీద వందల కన్నాలు ఒక్కలాగే నోళ్లు తెరుచుకుని చూస్తున్నాయి. రొమ్ముల కింద మొదలైన వేడి మెడ దాకా, చెవుల దాకా పాకింది. చూస్తుండగానే రవిక వీపుకి అంటుకుపోయింది.

"సుననేవాలా కోయీ హై?" అని, వినేవాళ్లే లేరా అన్నట్టు అరిచాడు అవతలివాడు.

వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి ఆమె వేళ్లలోని తీగ లాక్కుంది. మూడో వరుసలో, కుడినుంచి నాలుగో కన్నంలో ప్లగ్గు దిగింది. సూపర్‌వైజరు కనకరత్నం రింగు కీ నొక్కి, లైను కలిసిందాకా నిలబడి, తన బల్ల దగ్గరికి తిరిగి వెళ్లిపోయింది. ఆవిడ ఖరగ్‌పూర్ రైల్వే ఎక్స్ఛేంజిలో పదిహేనేళ్లు పనిచేసి వచ్చిన మనిషి. యాభై దాటింది. తెల్ల చీర, మెడలో సన్నటి గొలుసుకి సిలువ. కూర్చుని గడియారం చూసి లాగ్ బుక్కులో రాసింది. రాస్తూ పైకే చదివింది.

"పది గంటల నలభై. కన్వేయర్ బెల్టుకి నిప్పంటుకుంది. ఆపరేటర్ ఇరవై సెకన్లు ఆలస్యం." కలం మూత పెట్టింది. "పదకొండోది, సత్యలక్ష్మీ. ఎనిమిదేళ్లలో నీ పేరు మీద ఒక్కటీ లేదు. ఈ నాలుగు నెలల్లో పదకొండు."

"మేడం, నంబరు నోటిదాకా వచ్చింది..."

"నోటిదాకా వస్తే నిప్పు ఆరదు. లేచి మొహం కడుక్కో."

పక్క స్టూలు మీది పిల్ల తల తిప్పకుండా తన కాల్స్ తను కలుపుకుంటోంది. సత్యలక్ష్మి బాత్రూములో కుళాయి కింద మణికట్లు పెట్టుకుని నిలబడింది. కొత్త ఆపరేటర్లకి నంబర్లు నేర్పింది తనే. జాబితా చూడకుండా ఆరు వందల ఎక్స్‌టెన్షన్లు చెప్పేది. ఇంజనీర్లు ఫోనెత్తి ఎవరి పేరు చెప్పినా చాలు, ఆ వేళప్పుడు ఆయన ప్లాంటులో ఏ షాపులో ఉంటాడో కూడా ఊహించి కలిపేది. ఇప్పుడు నీళ్లు పడుతున్న ఆ ఇనప వస్తువుని ఏమంటారో రెండు క్షణాలు తట్టలేదు. కుళాయి. కుళాయి.

రెండింటికి షిఫ్టు దిగి వానలో తడుస్తూ క్వార్టరుకి చేరింది. కూతురు ఛాయ వంటింట్లో స్టీలు గిన్నె మీద గరిటెతో తాళం వేస్తూ రేడియోలో పాట వింటోంది. పదిహేనేళ్ల పిల్ల. తెలుగు ఇంట్లోనే, అదీ సగం సగం.

"ఆపు" అంది సత్యలక్ష్మి.

"ఏక్ మినిట్ అమ్మా, అయిపోతాది."

ఆ గరిటె చప్పుడు పుర్రె లోపలినుంచి వస్తున్నట్టుంది. సత్యలక్ష్మి గిన్నె లాక్కుని గోడకేసి విసిరింది. గిన్నె గోడకి తగిలి తిరిగొచ్చి ఛాయ పాదం మీద పడింది. పిల్ల ఏడవలేదు. కాలు పట్టుకుని కూర్చుని, తల్లిని ఎప్పుడూ చూడని మనిషిని చూసినట్టు చూసింది.

"పాపా సహీ బోల్తే హైఁ" అంది. "తుమ్ పాగల్ హో గయీ హో."

సత్యలక్ష్మి వంగి కాలు చూడబోయింది. ఛాయ కాలు వెనక్కి లాక్కుంది.

గురునాథరావు అయిదున్నరకి వచ్చాడు. రైలు పట్టాలు చేసే రెయిల్ మిల్లులో చార్జ్‌మన్, ఒక జట్టు పనివాళ్ల మీద పెద్ద. సైకిలు వరండాలో ఆనించి, బూట్లు విప్పి, గోడకి ఊడిన పెచ్చు చూసి, కూతురి కాలు చూశాడు. తనే బొగ్గుల సిగ్డీ మీద టీ పెట్టి ఒక గ్లాసు భార్య చేతికిచ్చాడు. ఈ నాలుగు నెలల నుంచీ అతను ఇలాగే ఉన్నాడు. అంతకుముందు పదహారేళ్లలో ఒక్కసారి టీ పెట్టి ఎరగడు.

"ఈవేళ కూడా ఏదో అయిందట" అన్నాడు.

"మీకెవరు చెప్పేరు?"

"మిల్లంతా తెలుసు. కన్వేయర్ తగలబడిపోతుంటే ఆపరేటరమ్మ నిద్దరోయిందని నవ్వుకుంటన్నారు." ఆమె పక్కనే కూర్చున్నాడు. "నిన్ను అనడం లేదు. నీకు ఒంట్లో బాగులేదు. ఆపరేషనయిన కాణ్ణుంచీ మనిషివి మనిషిలాగ లేవు. నీకు తెలుస్తోంది కాదేటి?"

ఆమె తల ఊపింది.

అతను చొక్కా జేబులోంచి మడిచిన కాగితం తీశాడు. టైపు చేయించి తెచ్చాడు. అనారోగ్య కారణాలవల్ల ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నానని మూడు పంక్తులు, కింద ఆమె పేరు.

"వాళ్లు తీసీడం కంటే మనవే మానీడం గౌరవం. రేపు ఏ గ్యాస్ లీకో అయి నీ వల్ల ఒక మనిషి పోతే? ఆడి పెళ్లాం పిల్లల మొహం చూడగలవా?"

ఆమె రెండుసార్లు చదివింది. చదివిన ప్రతి మాటా అర్థమయింది. మూడో వరుసలో కుడినుంచి నాలుగో కన్నం. ఇప్పుడు గుర్తొచ్చింది. ఏడు గంటలు ఆలస్యంగా.

"కలం ఇవ్వండి" అంది.

సంతకం పెట్టాక గురునాథరావు కాగితం రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, సిరా ఆరేదాకా నెమ్మదిగా ఊదాడు.

మర్నాడు ఆమెను ఇంట్లోనే ఉండమన్నాడు. కాగితం తనే పనిలోంచి మధ్యలో వెళ్లి ఎక్స్ఛేంజిలో ఇచ్చేస్తానన్నాడు. "నిద్దర మాత్రలు తెచ్చుకో. కొన్నాళ్లు పడుకుంటే అన్నీ సర్దుకుంటాయి" అని సైకిలెక్కాడు.

సెక్టారు డిస్పెన్సరీలో పాత డాక్టరు లేడు. ఆయన కుర్చీలో నలభై ఏళ్లావిడ కూర్చుని ఉంది. పేరు మణిమాల. బెంగాలీ ఆవిడే గాని వాల్తేరు రైల్వే కాలనీలో పుట్టింది. తెలుగు ధారాళంగా మాట్లాడుతుంది.

"నిద్ర మాత్రలా? ఎన్నాళ్లనుంచి నిద్ర లేదు?"

"నాలుగు నెలలయిందండి."

"పడుకోగానే పట్టదా, మధ్యలో మెలకువ వస్తుందా?"

"మెలకువ వచ్చీస్తాది. ఒళ్లంతా చెమట. దుప్పటి పిండితే నీళ్లు కారతాయి. మళ్లీ చలి."

డాక్టరు కలం కింద పెట్టింది. "కోపం వస్తుందా?"

సత్యలక్ష్మికి ఛాయ పాదం మీది వాపు కళ్లముందు మెదిలింది.

"మాటలు మరిచిపోతున్నారా?"

"మీకెలా తెలిసింది?" అంది సత్యలక్ష్మి. "పిచ్చికి ముందు అలాగే అవుతుందా అండీ?"

"నాలుగు నెలల కిందట ఏమయింది?"

రాయ్‌పూర్‌లో ఒక నర్సింగ్ హోంలో గర్భసంచి తీశారని చెప్పింది. అంతకుమించి తెలియదంది. డిస్చార్జి కాగితాలు ఉన్నాయా అంటే, అవన్నీ ఆయన దగ్గరే ఉంటాయంది. డాక్టరు పొట్ట మీది మచ్చ చూసింది, నాడి చూసింది, ఆ నర్సింగ్ హోం పేరడిగింది. అడిగి ఫోను దగ్గరికి లాక్కుని రాయ్‌పూర్‌కి ట్రంక్ కాల్ అడిగింది.

రిసీవరులోంచి వచ్చిన గొంతు సత్యలక్ష్మికి బల్ల ఇవతలికి కూడా తెలిసింది. కనకరత్నం. ట్రంక్ బోర్డు మీద ఈవేళ ఆవిడే కూర్చుంది. తన స్టూలు ఖాళీగా ఉంది గనక.

పది నిమిషాలకి లైను కలిసింది. మాటలు ఇంగ్లీషులో సాగాయి. ఎనిమిదేళ్లుగా సత్యలక్ష్మి ఎందరి మాటలో కలిపింది. తలచుకుంటే రెండు పక్కలా వినగలిగిన చోట కూర్చుని, ఏనాడూ వినలేదు. ఇప్పుడు తన సంగతే ఒక పక్కనుంచి వింటోంది.

"అవును డాక్టర్. మార్చిలో... రెండూనా? రెండూ తీసేశారా?... తిత్తులా. సరే, తీయక తప్పలేదంటారు... ముప్పై ఆరేళ్లు, డాక్టర్... రాశారా? ఏ మందు?... ఎవరి చేతికిచ్చారు?" మణిమాల ఒకసారి కళ్లెత్తి సత్యలక్ష్మిని చూసి దించుకుంది. "ఏమవుతుందో ఆయనకి చెప్పారా?... రెండుసార్లు చెప్పారు. సరే. లేదు, ఆమెకి తెలియదు... లేదు, ఒక్క మాత్ర కూడా వేసుకోలేదు."

ఫోను పెట్టేసి ఆవిడ ఖాళీ కాగితం మీద ఒక సంచి, దానికి రెండు పక్కలా రెండు గింజలు గీసింది.

"సంచితోపాటు ఈ రెండు అండాశయాలూ తీశారు. వీటిలోంచి ఒక రసం రక్తంలో కలుస్తుంది. నెలసరి కోసం, పిల్లల కోసమే అనుకునేవాళ్లం. అది తలకాయలోకి కూడా వెళ్తుంది. ఎలుకల్లో చూశారు, ఈ మధ్యే. మెదడు అడుగున కొన్ని చోట్లు ఆ రసాన్ని పట్టుకుని దాచుకుంటాయట. ఒంటి వేడి, నిద్ర, కోపం, వీటిని నడిపే చోట్లు అవే. జ్ఞాపకం మీద ఎంత పనిచేస్తుందో ఇంకా ఎవరికీ సరిగ్గా తెలియదు. చేస్తుందనే నేననుకుంటాను, నా దగ్గరికి వచ్చినవాళ్లని చూసి."

"అందరాడవాళ్లకీ ఓ వయసొచ్చాక ఆగిపోతుంది కదండీ?"

"అయిదారేళ్ల మీద మెల్లిగా ఎండుతుంది. తల కూడా మెల్లిగా అలవాటు పడుతుంది. మీకు ఒక్క పూటలో కోసేశారు." కాగితం పక్కకి తోసింది. "మీరు పిచ్చివాళ్లు కారు. మీ తలకి అందాల్సింది అందడం లేదు. దానికి మాత్రలున్నాయి. ఆ డాక్టరు చీటీ రాసి మీ ఆయన చేతికిచ్చాడు. వేసుకోకపోతే ఇలా అవుతుందని చెప్పి మరీ ఇచ్చాడు."

సత్యలక్ష్మి ఆ రెండు గింజల బొమ్మనే చూస్తోంది. వేడి మళ్లీ మొదలయింది. ఈసారి అది ఎక్కడినుంచి వస్తోందో ఆమెకు తెలుసు.

"ఈవేళ మొదలుపెడితే రెండు మూడు వారాల్లో నిద్ర పడుతుంది, చెమటలు తగ్గుతాయి. పోయిన మాటలన్నీ తిరిగొస్తాయని మాత్రం నేను చెప్పలేను" అంది మణిమాల. బీరువాలోంచి మాత్రల సీసా తీసి ఇచ్చింది. "ఇవి అయిపోయాక మళ్లీ రండి. మంగళవారం, శుక్రవారం నేనుంటాను."

ఎక్స్ఛేంజి దాకా మైలున్నర. సత్యలక్ష్మి నడిచే వెళ్లింది. కనకరత్నం ట్రంక్ బోర్డు మీదనుంచి హెడ్‌ఫోను తీసి మెడలో వేసుకుంది.

"నా కాగితం..." అంది సత్యలక్ష్మి.

"పదకొండింటికి మీ ఆయన తెచ్చిచ్చాడు. పదకొండుంబావుకి ఆఫీసుకి పంపించీసేను." కనకరత్నం గొంతులో ఏ మార్పూ లేదు. "రాయ్‌పూర్ ట్రంక్ పన్నెండుంబావుకి వచ్చింది."

సత్యలక్ష్మి ఆవిడ మొహంలోకి చూసింది. కాల్ కలిపాక కీ వెనక్కి వెయ్యకుండా మాటలు వినే ఆపరేటరుని ఆ రోజే ఇంటికి పంపేసే మనిషి. పోయినేడాది ఒక పిల్లని అలాగే పంపింది, అది కాళ్ల మీద పడ్డా వినలేదు.

"వాసుదేవరావు గుమాస్తా దగ్గరుంటాది" అంది కనకరత్నం, షట్టర్ల వంక చూస్తూ. "అయిదింటికి ఫైలు పైకి పోతాది. ఈలోగా వెనక్కి తీసుకో. ఇంకోటి విను. ఆ మాత్రలు పనిచెయ్యకపోతే పన్నెండోది కూడా నేనే రాస్తాను."

"రాయండి మేడం."

"వెళ్లు మరి."

ఆఫీసులో వాసుదేవరావు కళ్లజోడు నుదుటి మీదకి నెట్టుకుని ఆమె మాట విన్నాడు. రాజీనామా వెనక్కి తీసుకోవచ్చు గాని దరఖాస్తు రాయాలన్నాడు. దరఖాస్తులో కారణం ఉండాలన్నాడు. అది ఆయన బల్ల మీదనుంచి ఇంకో నాలుగు బల్లలు దాటి వెళ్తుంది.

ఆమె ఆయన ఎదురుగానే కూర్చుని ఇంగ్లీషులో రాయడం మొదలుపెట్టింది. ఒక మాట కొట్టేసింది, ఇంకో మాట కొట్టేసింది. చెమట మణికట్టు మీదనుంచి కాగితం మీదకి జారి ఒక అక్షరం అలుక్కుపోయింది. మొదటి వాక్యం పూర్తయింది, ఆపరేషను సంగతి. రెండోదానిలో సగందాకా వచ్చి ఆగిపోయింది.

"దాచిపెట్టడాన్ని ఇంగ్లీషులో ఏమంటారండీ?" అని అడిగింది.

"ఏటమ్మా?"

"ఒక వస్తువు ఎదటివాళ్లకి తెలీకుండా దాచిపెడితే. ఆఫీసు మాట ఒకటుంటుంది. గుర్తు రావడం లేదు."

ఆయన చెప్పాడు. అక్షరాలు కూడా చెప్పాడు, ఒక్కొక్కటే, బల్ల మీది పేపర్‌వెయిటు చూస్తూ. ఆమె రాసి ఇచ్చింది. చదివేసరికి ఆయన చెవులు ఎర్రబడ్డాయి. గదిలో మిగతా ముగ్గురూ ఇటే చూస్తున్నారు.

"ఇదంతా ఎందుకమ్మా?" అన్నాడు గొంతు తగ్గించి. "ఆరోగ్యం కుదుటపడిందని రాయండి, సరిపోతాది. గర్భసంచీ, మీ ఆయన చీటీ... మీ ఇంటి పరువు కదా."

"కుదుటపడలేదు కదండీ."

"మాటవరసకి అలాగ రాస్తాం."

"కుదుటపడిందని రాస్తే, రేపు నేనొక నంబరు మరిచిపోయిననాడు ఏమంటారు? పిచ్చిదనేగా? ఎందుకిలా అయిందో కాగితం మీద ఉండాలి."

వాసుదేవరావు ఇంకోసారి చదివి, కొట్టివేతల పక్కన ఆమెచేత పొట్టి సంతకాలు పెట్టించి, ముద్ర వేశాడు.

మర్నాడు బుధవారం ఆమెకు సెలవు. చీటీ ఊసు ఆమె ఇంట్లో ఎత్తకముందే, సాయంత్రానికి ఆ కాగితం రెయిల్ మిల్లుకి నడిచి వెళ్లింది. కాగితం ఆఫీసులోనే ఉంది. మాటే వెళ్లింది. గురునాథరావు సైకిలు వరండాలో పడేసి బూట్లతోనే లోపలికి వచ్చాడు.

"నవ్వుతన్నారే!" అన్నాడు. "హెల్పర్లు కూడా. 'సాబ్, చీటీ కహాఁ హై' అనడుగుతన్నాడు ఒకడు. బుద్ధుందా నీకు?"

సత్యలక్ష్మి బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చేట కింద పెట్టింది.

"చీటీ ఎక్కడుంది?"

"చింపీసేను."

"ఎప్పుడు?"

"రాయ్‌పూర్ స్టేషన్లోనే." అతను కుర్చీలో కూలబడ్డాడు. సందు చివర ఎవరో గేదెను అదిలిస్తున్నారు. "సెప్దామనుకున్నాను. మొదటి నెల్లోనే అనుకున్నాను. నువ్వు ఏడుస్తుంటే, నీళ్లిమ్మని నన్ను పిలుస్తుంటే... తర్వాత సెప్పడానికి రోజులు దాటిపోయేయి."

"ఎందుకు?"

"ఏటెందుకు?"

"చింపడం ఎందుకు?"

అతను చేతులు చూసుకున్నాడు. గోళ్లలో నూనె మసి ఉంది. "మిల్లులో పదిమంది నీ గొంతు గురించి మాటాడుకునీవోరు. నా మొహం మీదే. 'సత్యలక్ష్మిగారి మొగుడు' అని కొత్త ఇంజనీరుకి నన్ను చూపించేరు. ఆ డాక్టరేమో, ఈ మాత్రలేసుకుంటే మీ ఆవిడ ఎప్పట్లాగే ఉంటాదన్నాడు." ఆగాడు. "ఎప్పట్లాగ ఉండడవే నాకు వద్దనిపించింది."

ఆమె మళ్లీ చేట ఒళ్లోకి తీసుకుంది. ఒక రాయి ఏరి పక్కన పెట్టింది.

"ఈ క్వార్టరు నా పేర్న ఉన్నాది" అన్నాడు గురునాథరావు. "అది మరిచిపోకు."

"మరిచిపోలేదు. రేపు నాది ఆరింటి డ్యూటీ."

తలుపు పక్కనుంచి ఛాయ ముందుకు వచ్చింది. కాలికి గుడ్డ కట్టుకుని ఉంది. సత్యలక్ష్మి ఆశగా తలెత్తింది.

"ఎందుకు రాసేవమ్మా అలాగ?" అంది పిల్ల ఏడుస్తూ. "స్కూల్లో సబ్‌కో తెలిసిపోయింది. నీ పేట్‌లో ఏం తీసేరో కూడా. నేనెలా వెళ్లాలి?"

ఛాయ వెళ్లి తండ్రి కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. సత్యలక్ష్మి లేచి, కుండలో నీళ్లు ముంచుకుని, వాళ్లిద్దరూ చూస్తుండగా మాత్ర వేసుకుంది. తరవాత బియ్యం కడిగి ఎసట్లో పోసింది.

గురువారం ఆరు కొట్టేసరికి స్టూలు మీద ఉంది. కనకరత్నం సమయం రాసుకుంది. సత్యలక్ష్మి సొరుగులోంచి టైపు చేసిన నంబర్ల జాబితా తీసి ఎదురుగా నిలబెట్టుకుంది. ఇన్నేళ్లలో దాన్ని కొత్త పిల్లలకి ఇవ్వడానికే తీసేది. పక్క స్టూలు పిల్ల ఓరకంట చూసి మళ్లీ తన పనిలో పడింది.

ఎనిమిదింటికి రోలింగ్ మిల్లు లైను పడింది.

"ఆ గయీ దీదీ?" అందొక మగ గొంతు. "గోలీ ఖాయీ?" మాత్ర వేసుకున్నావా అని. వెనక నలుగురి నవ్వు.

"నంబర్ ప్లీజ్."

"నంబర్ యాద్ హై ఆప్‌కో?"

"నంబర్ ప్లీజ్" అంది మళ్లీ. అతను చెప్పాడు. ఆమె జాబితా మీద వేలు జార్చి, చూసుకుని, కలిపింది. మెడ వెనకనుంచి చెమట కారుతోంది. తుడుచుకోలేదు. అలాంటివి ఆ పూట ఇంకో మూడు వచ్చాయి.

పదకొండు దాటాక ఆఫీసర్ల బంగళాల వరుసలో ఒక షట్టరు పడింది. ప్లగ్గు గుచ్చి అడిగితే జవాబు రాలేదు. ఊపిరి మాత్రం వినిపిస్తోంది. తీగ లాగేయబోయింది.

"మీరు సత్యలక్ష్మిగారేనా?" అందొక ఆడగొంతు, తెలుగులో, బాగా తగ్గించి.

"అవునండి. నంబరు చెప్పండి."

"నంబరు కాదండి. మా వారు ఇంట్లో చెపుతూ నవ్వారు, ఎవరో డాక్టరమ్మ చెప్పిందని మీరేదో రాశారని. నాకూ నాగపూర్లో చేశారండి, ఆ ఆపరేషను. ఏడు నెలలయింది. రెండూ తీశారో ఏమో, నాకేమీ చెప్పలేదు. మొన్న మా బాబు పేరు పిలవబోతే రాలేదు. కన్నకొడుకు పేరు. ఆ డాక్టరమ్మ ఏ రోజుల్లో ఉంటుంది?"

సత్యలక్ష్మి వెనక్కి చూసింది. కనకరత్నం ఇటే చూస్తోంది. లాగ్ బుక్కు తెరిచే ఉంది, కలం చేతిలో ఉంది. చూసి, కలం కింద పెట్టి, మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

"మంగళవారం, శుక్రవారం" అంది సత్యలక్ష్మి. "సెక్టారు డిస్పెన్సరీ. మణిమాల అని అడగండి."

"ఒక్కసారి ఆగండి. కాగితం లేదు ఇక్కడ, ఎవరైనా వస్తారేమో... మళ్లీ చెప్పండి. నాకు గుర్తుండదు."

"మంగళవారం, శుక్రవారం. మణిమాల."

"మంగళవారం..." అంది ఆ గొంతు, ఆగిపోయింది.

బోర్డు మీద ఇంకో రెండు షట్టర్లు పడ్డాయి. సత్యలక్ష్మి వాటిని ఉండనిచ్చింది.

"శుక్రవారం" అంది. "మళ్లీ చెపుతాను, నాతోపాటు అనండి."